ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: గాలి ఆగాక మొదలయ్యే పని

పైలిన్ తుపాను తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీ. తిత్లీ 2018 అక్టోబరు 11. వరస తప్పి వచ్చిన గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఉత్తరాంధ్రలో దసరా, దీపావళి రోజులంటే పండగ పనులు ఒక పక్క, ఆకాశం వంక చూపు ఒక పక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు తుపాన్లు, వరదలు, ప్రమాదాల గురించే. ఒకే విషయం అడిగిన వాటిని కలిపేసి, మా వైద్య, ప్రజారోగ్య బృందం ఇక్కడ జవాబులిస్తోంది. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్ర: మాది కవిటి మండలం. మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. తిత్లీ అప్పుడు కొబ్బరి చెట్లు అడ్డం పడి మా రోడ్డు మీద బండి కదల్లేదు. అప్పటికి నాన్నకు ఈ జబ్బు లేదు. ఇప్పుడు అలాంటిది వస్తే డయాలసిస్ తప్పిపోతుంది కదా, ఏం చేయాలి?

జ: ముందు కొబ్బరి బొండం సంగతి. గాలికి రాలిన కాయలు కాళ్లకు తగులుతుంటాయి, బావినీళ్లు తాగబుద్ధి కాదు, కరెంటు లేక బోరు ఎక్కదు. అలాంటప్పుడు బొండం కొట్టి ఇవ్వడం మీ ఉద్దానం ప్రాంతంలో ఎవరైనా చేసే పనే. మామూలు మనిషికి మంచిదే. మీ నాన్నగారికి మాత్రం అది ప్రాణం మీదకు తెస్తుంది. 300 మిల్లీలీటర్ల బొండం నీళ్లలో 600 నుంచి 750 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నవారికి రోజు మొత్తానికి సాధారణంగా పెట్టే హద్దు 2000 మిల్లీగ్రాములు. కిడ్నీ పనిచేయదు, యంత్రం అందుబాటులో లేదు, అప్పుడు లోపలికి వెళ్లిన పొటాషియానికి బయటికొచ్చే దారే ఉండదు. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. నొప్పీ ఉండదు, హెచ్చరికా ఉండదు. కాళ్లు పట్టు తప్పినట్టు అనిపిస్తుంది, నాడి నెమ్మదిస్తుంది, అంతే.

శిబిరాల్లో పంచే ఓఆర్‌ఎస్‌లోనూ లీటరుకు సుమారు 780 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నీరసంగా ఉందని డయాలసిస్ రోగికి ఓఆర్‌ఎస్ కలిపి పట్టించకండి. విరేచనాలైతే ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. అరటిపళ్లు, జీడిపప్పు, టమాటా, బంగాళాదుంప, చిక్కటి పప్పు కూడా పక్కన పెట్టాలి. ఉప్పుచేప, ఆవకాయ, పొట్లాల్లో వచ్చే కారప్పూసతో మరో ఇబ్బంది: ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు, ఆ నీళ్లన్నీ ఊపిరితిత్తుల్లోకే. డయాలసిస్ తప్పిన రోజుల్లో తాగే ద్రవాలన్నీ కలిపి (టీ, మజ్జిగ, గంజి కూడా లెక్కే) సుమారు అర లీటరు, దానికి తోడు ఆ రోజు పోసిన మూత్రం ఎంతో అంత. పెట్టగలిగింది తెల్లన్నం, ముక్కలుగా కోసి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండిన బీరకాయ, సొరకాయ లాంటి కూర, రస్కులు. రెండు మూడు రోజులు ఇలా నెట్టుకురావచ్చు. అంతకు మించి నెట్టడం ప్రమాదం.

అసలు పని మాత్రం గాలి రాకముందే చేయాలి. వాతావరణ శాఖ 48 గంటల ముందు తుపాను అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక జారీ చేస్తుంది. అప్రమత్తత మాట టీవీలో వినపడగానే మీ కేంద్రానికి ఫోన్ చేసి, రేపటి వంతు ఈ రాత్రికే ఇమ్మని అడగండి. మంచి కేంద్రాలు అలాంటప్పుడు రాత్రి షిఫ్టు కూడా నడుపుతాయి. అందరికీ నాలుగు గంటలు కుదరకపోతే కాస్త తగ్గించి అయినా ఎక్కువమందికి ఇవ్వడమే మేలు. పలాస, సోంపేట, టెక్కలి, కవిటి, హరిపురం కేంద్రాల్లో మీకు దగ్గరిది ఏది అన్నది కాదు ప్రశ్న. ఏ దారిలో గెడ్డలు (వాగులు), చెట్లు తక్కువ అన్నది చూసుకోండి. హైవే పక్కనున్న బంధువుల ఇంటికి ముందురోజే ఆయన్ని చేర్చడం చాలాసార్లు సరైన నిర్ణయం. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి హైవేకి దగ్గరే.

ఒక కాగితం మీద ఇవి రాసి పాలిథిన్ కవర్లో పెట్టి ఆయన జేబులో ఉంచండి: డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), చివరి డయాలసిస్ తేదీ, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) మోతాదు, డయాలసిస్ ఎక్కించేది చేతికి చేసిన ఫిస్టులా (కలిపిన రక్తనాళం) నుంచా మెడకు పెట్టిన కాథెటర్ (గొట్టం) నుంచా, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షల ఫలితాలు. చివరిది ఎందుకంటే హెపటైటిస్ బి ఉన్నవారికి వేరే యంత్రం కేటాయించాలి. ఆ వివరం తెలియక కొత్త కేంద్రంవాళ్లు గంటల తరబడి ఆపేస్తారు. వాళ్లది తప్పూ కాదు. మెడ కాథెటర్ ఉంటే వాననీళ్లు తగలకూడదు.

పడుకుంటే ఆయాసం, కాళ్లలో బలం లేకపోవడం, నాడి దడదడ లేదా మరీ నెమ్మది, వీటిలో ఏది కనిపించినా డయాలసిస్ కేంద్రం దాకా ఆగకుండా దగ్గర్లో ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ కాల్షియం గ్లూకోనేట్, గ్లూకోజుతో ఇన్సులిన్, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ ఇస్తారు. ఇవి పొటాషియాన్ని ఒంట్లోంచి తీసేయవు, గుండెకు కొన్ని గంటల గడువు ఇస్తాయి. ఆ గంటల్లో యంత్రం దగ్గరికి చేరాలి.

కేంద్రాలు నడిపేవారికి ఒక మాట. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలకు ఒక్క రోగికి 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. ఆర్‌ఓ వదిలేసేది కలుపుకుంటే దాదాపు రెట్టింపు. పది యంత్రాలు, మూడు షిఫ్టులంటే రోజుకు ఏడు వేల లీటర్లు ట్యాంకులో ఉండాలి. వరదల తర్వాత ట్యాంకర్లలో, పైపుల్లో క్లోరిన్ మోతాదు పెంచుతారు. అది ఊరికి మంచిది, మీకు కాదు. కార్బన్ ఫిల్టరు పాతదైతే క్లోరిన్ దాటుకుని వచ్చి ఎర్ర రక్తకణాల్ని చిదిమేస్తుంది. మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. ప్రతి షిఫ్టుకు ముందు పరీక్షించండి. క్లోరిన్ పెంచుతున్నప్పుడు నీటి సరఫరావాళ్లు డయాలసిస్ కేంద్రానికి ఒక ఫోన్ కొట్టే ఏర్పాటు ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

ప్ర: నేను నాగావళి ఒడ్డున ఒక గ్రామ పంచాయతీలో పనిచేస్తున్నాను. వరద తగ్గాక బావుల్లో బ్లీచింగ్ చల్లామని రిజిస్టర్లో రాస్తాం. నిజానికి ఎంత వేయాలి? పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

జ: మీరు నిజాయితీగా అడిగారు. చాలాచోట్ల బ్లీచింగ్‌ను ముగ్గులా బావి గట్టు చుట్టూ చల్లుతారు. ఫొటోకు తెల్లగా కనిపిస్తుంది, నీళ్లలో పురుగుకు ఏమీ కాదు.

లెక్క ఇది. బావి అడ్డకొలత మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. నీటి లోతుతో గుణించండి. 3.14తో గుణించి 4తో భాగించండి. వచ్చింది ఘనపు మీటర్లు, వెయ్యితో గుణిస్తే లీటర్లు. రెండు మీటర్ల అడ్డకొలత, నాలుగు మీటర్ల నీళ్లున్న బావిలో సుమారు 12,560 లీటర్లు. నీటి లోతుకు తాడుకు రాయి కట్టి వదిలి, తడిసినంత మేర కొలిస్తే సరి.

తేటగా ఉన్న బావికి రోజువారీ మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్. అంటే పై బావికి 31 గ్రాములు, గుప్పెడైనా ఉండదు. ఇది 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడికి. బస్తా మూతి విప్పి చెమ్మ గదిలో నెల రోజులు ఉంచితే ఆ 33 ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది. 20 శాతానికి పడిపోయిన పొడి అయితే నాలుగు గ్రాములకు పైగా వేయాలి. ముద్దకట్టి, ముక్కుకు ఘాటు తగలని పొడిని సున్నంగానే లెక్కించండి.

వరదనీరు గట్టు దాటి లోపలికి దిగిన బావికి రోజువారీ మోతాదు చాలదు. చెత్త, బురద తోడించి, ఒరలు బ్రష్షుతో రుద్ది, నీళ్లు ఊరాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున ఒక్కసారి గట్టి మోతాదు వేయాలి. మన ఉదాహరణ బావికి దాదాపు 1 కిలో 900 గ్రాములు. 12 గంటలు ఎవరూ తోడకుండా కాపలా పెట్టి, ఆ తర్వాత ఘాటు తగ్గేదాకా నీళ్లు తోడి పారబోయాలి. ఆ నీళ్లు చేపల చెరువులోకి వదలకండి. మర్నాటి నుంచి రోజువారీ మోతాదు.

వేసే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతాయి. బకెట్లో ముందు వంద గ్రాములకు మించకుండా పొడి వేసి, కొంచెం నీళ్లతో పల్చటి పేస్టులా కలపండి. ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి తిప్పి, ఐదు నుంచి పది నిమిషాలు వదిలేయండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఇంకో బకెట్లోకి వంచుకోండి. క్లోరిన్ ఉన్నది అందులోనే. అడుగు సున్నం బావిలో పోస్తే నీళ్లు గట్టిబడి రుచి మారుతుంది, ఆడవాళ్లు ఆ బావి మానేసి గెడ్డ నీళ్లకు పోతారు. తేట నీళ్ల బకెట్‌ను తాడుతో బావిలో నీటి మట్టం కిందికి దించి, పైకీ కిందికీ పక్కలకీ ఆడించండి. గంట ఆగండి.

అప్పుడు క్లోరోస్కోప్ (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే పరికరం) తీయండి. గొట్టంలో గీత దాకా బావినీళ్లు పట్టి, ఓటీ ద్రావణం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. పక్కనున్న రంగులతో పోల్చి లీటరుకు 0.5 మిల్లీగ్రాము ఉంటే చాలు. వెంటనే చూడాలి, ఆలస్యమైతే రంగు ముదిరి మోసం చేస్తుంది. రంగు రాకపోతే క్లోరిన్‌ను బురదే తినేసిందని అర్థం. మోతాదు పెంచి మళ్లీ వేసి, మళ్లీ గంట ఆగి చూడండి. రిజిస్టర్లో రాయాల్సింది ఎన్ని కిలోలు చల్లామని కాదు, ఏ బావిలో ఎన్ని గంటలకు ఎంత క్లోరిన్ కనిపించిందని.

మునిగిన చేతిపంపుకూ ఇదే లెక్క. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు సుమారు 21 లీటర్లు. నలభై మీటర్ల నీళ్లుంటే 850 లీటర్లు, అంటే 130 గ్రాముల బ్లీచింగ్. తేట ద్రావణం పోసి, కొళాయి మూతి దగ్గర ఘాటు వాసన వచ్చేదాకా కొట్టి, రాత్రంతా వదిలి, పొద్దున్నే వాసన పోయేదాకా కొట్టి పారబోయండి. మోతాదుకు కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా వాడండి. యాసిడ్ ఉన్న సీసా ఆ గదిలోనే పెట్టకండి, రెండూ కలిస్తే విషవాయువు.

ఇళ్లలో క్లోరిన్ మాత్రలు ఇస్తుంటే పట్టీ మీద రాసింది చదివి చెప్పండి. సాధారణంగా అర గ్రాము మాత్ర 20 లీటర్లకు. చెంబులో ఒక మాత్ర, డ్రమ్ములో ఒక మాత్ర వేసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఇక, తుపాను వస్తేనే ఇదంతా అనుకోవద్దు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది తుపాను గాలితో కాదు.

ప్ర: మా బడిని తుపాను పునరావాస కేంద్రంగా తీసుకుంటారు. 400 మంది వస్తారని అంచనా. ఆరోగ్యపరంగా ఏం చూసుకోవాలి? (ప్రధానోపాధ్యాయుడు, భోగాపురం మండలం)

జ: మరుగుదొడ్లు. తక్కినవన్నీ తర్వాతే. అంతర్జాతీయంగా పాటించే కొలత ప్రకారం మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి, కుదుటపడ్డాక 20 మందికి ఒకటి. మీకు కనీసం ఎనిమిది పనిచేసేవి కావాలి, సగం ఆడవాళ్లకు, లోపల గడియ, రాత్రి దీపం ఉండాలి. లేకపోతే ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. మనిషికి అన్ని అవసరాలకూ కలిపి రోజుకు 15 లీటర్లు, అంటే ఆరు వేల లీటర్లు కరెంటు పోకముందే ట్యాంకుల్లో నింపుకోవాలి. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు ఉండాలన్నది కొలత. 20 అడుగుల చదరపు తరగతి గదిలో పదిమంది అన్నమాట. ఒక్క రాత్రికి ఇది పాటించడం కుదరదు, అందరూ సర్దుకుంటారు. మూడో రోజు కూడా అలాగే ఉంటే దగ్గు, గజ్జి, విరేచనాలు మొదలవుతాయి. విరేచనాలు పట్టుకున్నవారికి ఒక గది, ఒక దొడ్డి వేరుగా కేటాయించండి.

ఓఆర్‌ఎస్ కలపడం ఒకరికే అప్పగించండి. పెద్ద ప్యాకెట్ (20.5 గ్రాములు) పూర్తిగా ఒక లీటరు నీళ్లలో. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పు ఎక్కువై పిల్లవాడికి హాని. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు వస్తాయి, రెండూ కలగలిపి పెట్టకండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లలకు దాంతోపాటు జింకు 14 రోజులు: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10. విరేచనాలు ఆగాయని మూడో రోజే మానేయడం మామూలు పొరపాటు.

ప్ర: పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) పనిచేస్తాను. కరెంటు రోజుల తరబడి పోతే టీకాలు ఎలా కాపాడాలి? జనరేటరు ఉంది కానీ నమ్మకం లేదు.

జ: ఐఎల్‌ఆర్ (టీకాలు దాచే, గోడల్లో మంచు ఉండే ఫ్రిజ్) మూత తెరవకండి. గోడల్లోని మంచు కరిగేదాకా అది చల్లగానే ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటలు వరసగా కరెంటు అందితే మిగతా గంటలు తట్టుకునేలా దాన్ని తయారుచేస్తారు. కాబట్టి జనరేటరు రోజంతా నడపక్కర్లేదు. ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా అన్నది రోజుకు రెండుసార్లు చూసి రాయండి. ఎనిమిదికి చేరుతుంటే కోల్డ్ బాక్సుల్లోకి మార్చండి.

టీకాలు ఎక్కువగా పాడయ్యేది ఈ మార్చే దగ్గరే, అదీ వేడికి కాదు, చలికి. హడావుడిలో డీప్ ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకులు నేరుగా పెంటావాలెంట్, హెపటైటిస్ బి సీసాల పక్కన పెడతారు. అవి గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ప్యాకు బయట పెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాకే వాడాలి. వేడి తగిలితే సీసా మీది వీవీఎం (వేడికి రంగు మారే చిన్న గుర్తు) చెబుతుంది: లోపలి చదరం చుట్టూ ఉన్న వృత్తం కన్నా తెల్లగా ఉంటే వాడొచ్చు, అదే రంగుకు వస్తే పారేయాలి. గడ్డకట్టిన సంగతి మాత్రం వీవీఎం చెప్పదు. అనుమానముంటే షేక్ టెస్ట్ (సీసా ఊపి, లోపలి మందు అడుక్కి దిగే తీరు చూసే పరీక్ష) చేయాలి.

జనరేటరు మీద మీ అపనమ్మకం మంచిదే. తుపాను రోజు అది ఆగేది ఎక్కువగా మూడు కారణాలకు: బ్యాటరీ దిగిపోవడం, డీజిల్లో నీళ్లు చేరడం, వరద ఎక్కే చోట దాన్ని దింపి ఉండడం. వారానికోసారి అరగంట స్టార్ట్ చేయండి, ఊరికే కాదు, ఐఎల్‌ఆర్, కాన్పు గది దీపాలు అన్నీ దాని మీద వేసి. ఒక గంటకు ఎంత తాగుతుందో కొలవండి. మూడు లీటర్లు తాగేదైతే రోజుకు ఎనిమిది గంటలు, మూడు రోజులకు 72 లీటర్లు. రాత్రి కాన్పులకు మరికొంత కలిపి వంద లీటర్లు ముందే తెచ్చుకోండి. కరెంటు లేకపోతే బంకులో పంపు కూడా తిరగదని చాలామందికి ఆ రోజే గుర్తొస్తుంది. ఛేంజోవర్ స్విచ్ తప్పనిసరి. అది లేకుండా ప్లగ్గులో గుచ్చి నడిపితే కరెంటు వెనక్కి లైనులోకి పాకి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ను పట్టుకుంటుంది. కరెంటు తిరిగొచ్చిన మొదటి నిమిషాల్లో వోల్టేజి ఎగిరిపడుతుంది కాబట్టి ఐఎల్‌ఆర్ స్టెబిలైజరు ద్వారానే ఉండాలి. ఇళ్లలోవాళ్లకు కూడా చెప్పండి, వరండాలో, తలుపులేసిన గదిలో జనరేటరు నడిపితే ఆ పొగకు నిద్రలోనే పోతారు.

ప్ర: ఫ్రిజ్ లేనప్పుడు ఇన్సులిన్ ఎలా?

జ: వాడుతున్న సీసా నీడలో, 30 డిగ్రీల లోపు సాధారణంగా 28 రోజులు నిలుస్తుంది. సీసాను పాలిథిన్‌లో చుట్టి, కొత్త కుండలో పెట్టి, కుండను తడి ఇసుకలో ఉంచండి. ఐసు మీద నేరుగా పెట్టొద్దు. గడ్డకట్టింది కరిగినా పనికిరాదు.

ప్ర: వరద తర్వాత మా తంపర (లోతట్టు చిత్తడి నేలల) గ్రామాల్లో పాముకాట్లు పెరుగుతాయి. రోడ్డు తెగిపోయి ఉంటే ఏం చేయాలి?

జ: పాము కూడా వరద బాధితురాలే. గట్టు, గడ్డివాము, ఇంటి అటక, పొడిగా ఉన్న చోటల్లా ఎక్కుతుంది. కరిచిన కాలును కదలనీయకుండా కర్రబద్దకు కట్టండి, కానీ రక్తం ఆగేలా బిగించకండి. కోయడం, పీల్చడం, పసరు పోయడం వద్దు. మెట్టెలు, కడియాలు, గాజులు తీసేయండి, వాపు వచ్చాక రావు. మనిషిని నడిపించకుండా మంచం మీద మోసుకెళ్లండి.

కట్లపాము విషయంలో ఎక్కువ పొరపాటు జరుగుతుంది. అది రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు నొప్పి ఉండదు, గుర్తు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కళ్లు మూతలు పడడం మొదలైతే గ్యాస్ అనుకుని మాత్ర వేస్తారు. శిబిరంలో నేల మీద పడుకున్న మనిషికి కనురెప్పలు వాలుతున్నాయంటే పాము కాటేననుకుని పరుగెత్తండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే దోమా రాదు, కట్లపామూ రాదు.

ఆసుపత్రివారు చేయాల్సింది: కొత్త, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూడడం. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి వాటి విషం. సబ్బుతో కడిగిన గొట్టమో, ప్లాస్టిక్ గొట్టమో వాడితే ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది. విషం లక్షణాలుంటే యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) పది వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్‌లో గంటలో ఎక్కించాలి. పిల్లలకూ అదే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం ఎక్కించదు. పక్కన ఆడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. పొడి రూపంలో ఉన్న వయల్స్ ఫ్రిజ్ లేకపోయినా చల్లని చీకటి చోట నిలుస్తాయి. అందుకే వరదకు ముందే, ఏటికి అవతల తెగిపోయే పీహెచ్‌సీల్లో కనీసం ఇద్దరు రోగులకు సరిపడా, అంటే ఇరవై వయల్స్‌కు తక్కువ కాకుండా పెట్టాలి. ఊరివారు కూడా ఒకటి చేయొచ్చు: గెడ్డ పొంగకముందే ఫోన్ చేసి, మా పక్కన ఏ ఆసుపత్రిలో మందు ఉంది అని కనుక్కుని గోడ మీద రాసుకోండి.

ప్ర: నెలలు నిండిన మా కోడలిని తుపానుకు ముందే ఆసుపత్రికి పంపమని ఆశా అంటోంది. నొప్పులే రాలేదు, ఎందుకు?

జ: పంపండమ్మా. గాలి జోరుగా ఉన్నంతసేపు 108 బండి కూడా రోడ్డెక్కదు, చెట్లు నరికేదాకా ఆటో రాదు. నొప్పులకు అవేమీ తెలియవు. రెండు వారాల్లో కాన్పు తేదీ ఉన్నవారిని, అంతకుముందు సిజేరియన్ అయినవారిని, రక్తం తక్కువున్నవారిని తుపానుకు రెండు రోజుల ముందే చేర్చడం ఇప్పుడు మామూలైన పద్ధతి. తల్లీబిడ్డల కార్డు, బ్లడ్ గ్రూపు కాగితం, రెండు పాత మెత్తని చీరలు, తోడుగా ఒక ఆడమనిషి. కొండ మీది గూడేలకైతే రెండు రోజులు కూడా చాలవు. డోలీ మోసే దారి వానకు జారుడవుతుంది.

ప్ర: కొత్తవలస నుంచి రాస్తున్నాను. కంటకాపల్లి రైలు ప్రమాదం తర్వాత, గట్టిగా అరుస్తున్నవారిని వదిలి కదలకుండా ఉన్నవారిని ముందు తీసుకెళ్లారని కొందరు కోపంగా అన్నారు. అది సరైనదేనా?

జ: సరైనదే. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును వెనకనుంచి రాయగడ ప్యాసింజరు గుద్దినప్పుడైనా, 2017 జనవరిలో కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినప్పుడైనా, చీకట్లో మొదటి గంట చేయాల్సింది ఇదే. అరవగలుగుతున్నాడంటే ఊపిరాడుతోందన్నమాట. ముందుగా, నడవగలిగినవాళ్లంతా ఆ దీపం దగ్గరికి రండి అని కేక వేస్తారు. వచ్చినవాళ్లకు ఆకుపచ్చ పట్టీ. మిగిలినవారిలో ఒక్కొక్కరి దగ్గర అర నిమిషం మాత్రమే: ఊపిరి నిమిషానికి 30 దాటిందా, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, చెయ్యి నొక్కు అంటే నొక్కుతున్నాడా. మూడింట్లో ఏది తేడా వచ్చినా ఎర్ర పట్టీ, ముందు బండి. మూడూ బాగుండి నడవలేకపోతే పసుపు. మెడ సర్ది గాలి దారి తెరిచినా ఊపిరి రాకపోతే నల్ల పట్టీ. ఆ ఒక్కరి గుండె నొక్కుతూ పది నిమిషాలు కూర్చుంటే అవతల ఇద్దరు ఎర్ర పట్టీలవాళ్లు పోతారు. చూసేవారికి కఠినంగా ఉంటుంది, చేసేవారికి ఇంకా కఠినం.

ఆసుపత్రిలో వచ్చే చిక్కు వేరు. ఆటోల్లో, బైకుల మీద మొదట చేరేది ఆకుపచ్చ వాళ్లే. వాళ్లతో క్యాజువాలిటీ మంచాలన్నీ నిండిపోతే, నలభై నిమిషాల తర్వాత అంబులెన్సులో వచ్చే ఎర్ర పట్టీకి చోటుండదు. అందుకే గేటు దగ్గరే ఒక సీనియర్ డాక్టరు నిలబడి, చిన్న గాయాలవారిని ఓపీ హాలుకు మళ్లించాలి. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి. బంధువులకు వేరే బల్ల, గంటగంటకూ పేర్ల జాబితా గోడ మీద అంటించాలి. జాబితా లేకపోతే ప్రతి బంధువూ ప్రతి వార్డులో వెతుకుతాడు.

రక్తం ఇస్తామని వందలమంది రావడం మన ప్రాంతంలో చూస్తూనే ఉన్నాం. అందరి దగ్గరా ఆ రాత్రే తీసుకుంటే 35 నుంచి 42 రోజుల్లో అది గడువు తీరిపోతుంది, ఆ తర్వాత మూడు నెలలదాకా వాళ్లు మళ్లీ ఇవ్వలేరు. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు రాసిచ్చి ఇంటికెళ్లండి. మీ రక్తం మూడో రోజో, పదో రోజో రెండో ఆపరేషన్‌కు కావాలి.

ప్ర: వరదలో చనిపోయిన వారి శవాల వల్ల కలరా వస్తుందని తొందరగా కాల్చేస్తారు. నిజమేనా?

జ: కాదు. గాయాలతో, నీట మునిగి చనిపోయినవారి నుంచి ఊళ్లో అంటురోగం పుట్టదు. గుర్తుపట్టకుండా దహనం చేస్తే మాత్రం ఆ కుటుంబం ఏళ్ల తరబడి ధ్రువపత్రం కోసం, పరిహారం కోసం తిరుగుతుంది. ఫొటో, నంబరు, ఒంటి మీద వస్తువుల జాబితా తీశాకే అంత్యక్రియలు. మోసేవారికి గ్లవ్స్, బూట్లు ఉంటే చాలు. చచ్చిన పశువుల్ని బావికి కనీసం 50 మీటర్ల దూరంలో లోతుగా పాతిపెట్టండి. వాటివల్ల నీళ్లు పాడవుతాయన్న భయం న్యాయమైనదే.

ప్ర: మా అమ్మ ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ అందించే కరెంటు యంత్రం) మీద ఉంది. కరెంటు పోతే?

జ: సిలిండరు ముందే తెచ్చుకోవాలి. చిన్న బి టైపు సిలిండర్లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్లయితే పన్నెండు గంటల చిల్లర, ఐదు లీటర్లయితే ఐదు గంటలే. పెద్ద డి టైపులో 7000 లీటర్లు, రెండు లీటర్ల చొప్పున రెండు రోజులు దాటుతుంది. డాక్టరును అడిగి, ఎంత తక్కువ ప్రవాహంతో నెట్టుకురావచ్చో ముందే తెలుసుకుని దాని ప్రకారం లెక్క వేసుకోండి. రోడ్డు తెగే ఊరైతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు ఫోన్ చేసి, ఇంట్లో ఆక్సిజన్ రోగి ఉన్నారని తుపానుకు ముందే పేరు రాయించండి. సిలిండరును గోడకు గొలుసుతో కట్టాలి, దాని దరిదాపుల్లో దీపం, కొవ్వొత్తి వెలిగించకూడదు. దాన్ని తెరిచే స్పానరు వేరే గదిలో పెట్టకండి. సిలిండరు మెడకే తాడుతో కట్టి ఉంచండి, చీకట్లో వెతకాల్సింది అదే.